మరణ ధ్రువపత్రంతో పాటు ఇంకో కాగితం ఇవ్వండి: బల్దియా కమిషనర్‌కు, ఇద్దరు కలెక్టర్లకు బహిరంగ లేఖ

గ్రేటర్ వరంగల్ మహానగరపాలక సంస్థ కమిషనర్ గారికి, హనుమకొండ, వరంగల్ జిల్లాల కలెక్టర్లకు నమస్కారం.

నేను రంగశాయిపేటలో ఉంటాను. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద నడిచే మహిళా సమాఖ్యలో లెక్కల పుస్తకం రాస్తాను. నెలనెలా పొదుపు లెక్క రాయడానికి కూర్చున్నప్పుడు పక్కన ఎవరో ఒకరు ఆధార్ కార్డు, పాస్‌బుక్ చేత పట్టుకుని నిలబడే ఉంటారు. "అక్కా, మాకేమన్నా వస్తదా, జర చూడు" అంటారు. ఇంటి సంగతంతా విని, మీకు ఇది వస్తుంది, ఇది రాదు, ఫలానా చోటికి వెళ్ళండి అని చెప్పే మనిషి మన నగరంలో ప్రభుత్వం తరఫున ఎక్కడా కూర్చోలేదు. ఆ మనిషిని కూర్చోబెట్టమని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

పథకాలు లేవని నేను అనడం లేదు. రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. 200 యూనిట్ల లోపు కరెంటు వాడే ఇంటికి గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తోంది. ఆరోగ్యశ్రీ 2023 డిసెంబరు నుంచి 10 లక్షలకు పెరిగింది. ఆడపిల్ల పెళ్ళికి కల్యాణలక్ష్మి, షాదీముబారక్ కింద 1,00,116 రూపాయల చెక్కు ఇస్తారు. ఇవి మా వాడలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఎన్నికల సభల్లో వింటారు, చౌరస్తాల్లో ఫ్లెక్సీల మీద చూస్తారు. ఫ్లెక్సీ ఎక్కనివి ఇంకా చాలా ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక్కో శాఖ దగ్గర, ఒక్కో బ్యాంకు దగ్గర, ఒక్కో బోర్డు దగ్గర పడి ఉన్నాయి. ఇంట్లో సంపాదించే మనిషి పోయిన రోజున, ఆపరేషన్‌కు డబ్బు కట్టాల్సిన రోజున అక్కరకు వచ్చేవి ఎక్కువగా అవే. వాటి పేరు కూడా తెలియక ఎన్ని కుటుంబాలు వదులుకున్నాయో నేను కళ్ళారా చూస్తున్నాను.

మా వాడలో జరిగిన ఒక సంగతి చెబుతాను. వేసవి మొదట్లో ఒకాయన పోయాడు. ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ పని. నలభై దాటి కొన్నేళ్ళే. మిర్చి సీజన్‌లో పొద్దంతా బస్తాలు మోసి వచ్చి, రాత్రి ఛాతీలో నొప్పి అన్నాడు. తెల్లారేసరికి లేడు. దినాలు అయిపోయాక ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. కర్మకాండకు తెచ్చిన అప్పు తీర్చడానికి సమాఖ్య నుంచి లోన్ వస్తుందా అని అడగడానికి వచ్చింది. వెంట బట్టల షాపు కవర్‌లో ఇంట్లో ఉన్న కాగితాలన్నీ తెచ్చుకుంది. అందులో ఆయన పాస్‌బుక్ ఉంది. అట్ట ఊడిపోయి దారంతో కుట్టి ఉంది. ఎంట్రీలు కొట్టించిన చివరి పేజీలో, అంతకుముందు ఏడాది మే నెల తేదీతో 436 రూపాయలు కట్ అయిన లైను కనిపించింది. దాని కింద 20 రూపాయలు. ఇంకో పేజీ వెనక్కి తిప్పితే, దాని ముందు ఏడాది మేలో కూడా అవే రెండు లైన్లు.

ఆ 436 రూపాయలు ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. 18 నుంచి 50 ఏళ్ళ మధ్య బ్యాంకులో చేరి, ఏటా డబ్బు కట్ అవుతూ ఉన్న మనిషి ఏ కారణంతో పోయినా నామినీకి 2 లక్షలు ఇవ్వాలి. కింది 20 రూపాయలు సురక్ష బీమాకు. ప్రమాదంలో పోతే దాని కింద ఇంకో 2 లక్షలు. ఈ రెండూ 2015 నుంచి ఉన్నాయి. 2022 జూన్‌లో ప్రీమియం పెంచారు, అంతకుముందు 330, 12 ఉండేవి. ఖాతా తెరిచిన రోజున ఎవరో ఫారం మీద సంతకం పెట్టించుకుని ఉంటారు. ఆయన ఇంట్లో చెప్పినట్టు లేదు. ఆమెకైతే ఆ మాటే తెలియదు.

ఆమె నా దగ్గరికి రావడానికి ముందే బ్యాంకుకు వెళ్ళింది. ఖాతాలో ఉన్న కొద్దిపాటి డబ్బు ఎట్లా తీసుకోవాలని అడిగింది. మరణ ధ్రువపత్రం, ఆధార్ జిరాక్స్ తెమ్మన్నారు, తెచ్చింది, డబ్బు ఇచ్చారు. ఆ కౌంటర్‌లో కూర్చున్నాయన మర్యాదగానే మాట్లాడాడట. అడిగింది చేసి పెట్టాడు. అడగని బీమా సంగతి చెప్పలేదు. తర్వాత క్లెయిమ్ ఫారం తెచ్చి నేనే నింపాను, కొన్ని నెలలకు డబ్బు ఆమె ఖాతాలో పడింది. అప్పు తీరింది, పెద్ద పిల్లవాడి ఇంటర్ చదువు ఆగలేదు. కానీ పాస్‌బుక్‌లో ఆ పొడి అక్షరాల లైను చదవగలిగినవాళ్ళు పక్క వీధిలో ఉండటం అనే అదృష్టం మీద 2 లక్షల రూపాయలు ఆధారపడటం నాకు మింగుడు పడటం లేదు. పక్క వీధిలో ఎవరూ లేని ఇళ్ళు ఈ నగరంలో ఎన్ని ఉంటాయో మీరే ఆలోచించండి.

కమిషనర్ గారూ, ఆ మరణ ధ్రువపత్రం కోసం ఆమె వెళ్ళింది మీ ఆఫీసుకే. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. 21 రోజుల్లోగా మరణం నమోదు చేయించాలి. నగరంలో ఏ ఇంట్లో ఎవరు పోయారు, వయసెంత, ఏ పని చేసేవాడు అన్నది ప్రభుత్వంలో అందరికంటే ముందు తెలిసేది బల్దియాకే. ఆ కౌంటర్ దగ్గరికి పేదవాళ్ళు, ఉన్నవాళ్ళు అందరూ తప్పకుండా వస్తారు. ఏ అవగాహన సదస్సు పెట్టినా, ఎన్ని కరపత్రాలు పంచినా అంత కచ్చితంగా, సరిగ్గా అవసరమైన రోజున మనుషులు దొరకరు. మరణ ధ్రువపత్రం చేతికిచ్చేటప్పుడు దానితో పాటు ఒక్క కాగితం ఇవ్వండి. తెలుగులో ఒకవైపు, ఉర్దూలో ఇంకోవైపు. మండిబజార్, చార్‌బౌళి వైపు నుంచి వచ్చేవాళ్ళకు అది ఎంత అవసరమో మీకు తెలిసిందే.

ఆ కాగితం మీద ఏం ఉండాలో కూడా రాస్తాను, ఎందుకంటే నేను చేత్తో రాసి జిరాక్సులు తీసి మా సమాఖ్యలో పంచుతున్నది అదే.

మొదటిది జాతీయ కుటుంబ ప్రయోజన పథకం. 1995 నుంచి ఉంది. పేద కుటుంబంలో సంపాదించి పోషించే మనిషి 18 నుంచి 59 ఏళ్ళ మధ్య వయసులో పోతే, ఆ ఇంటికి ఒకేసారి 20,000 రూపాయలు ఇస్తారు. తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి. ముప్పై ఏళ్ళ నుంచి ఉన్న పథకం పేరు మా దగ్గర ఎవరిని అడిగినా "గది కూడా ఉన్నదా?" అంటారు. పెద్ద మొత్తం కాదు నిజమే. అయితే కర్మకాండ అప్పు అందులో తీరుతుంది, వడ్డీవాడి గడప తొక్కే పని తప్పుతుంది.

తర్వాత పాస్‌బుక్ సంగతి. పోయిన మనిషి పేరు మీద ఉన్న ప్రతి బ్యాంకు ఖాతా పాస్‌బుక్‌లో ఎంట్రీలు కొట్టించి, 436, 20 రూపాయల లైన్లు ఉన్నాయేమో చూడమని చెప్పాలి. జన్‌ధన్ ఖాతాతో వచ్చిన రూపే కార్డుకు కూడా ప్రమాద బీమా ఉంది. 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన ఖాతాల కార్డులకు అది 2 లక్షలు. కార్డు వాడుతూ ఉండి ఉండాలి అనే షరతు ఉంది కాబట్టి బ్యాంకులో అడిగి తేల్చుకోవాలి. పోయినవాడు సెక్యూరిటీ గార్డో, అవుట్‌సోర్సింగ్ కార్మికుడో అయి ఉండి జీతంలో పీఎఫ్ కట్ అవుతూ ఉంటే, పీఎఫ్ డబ్బుతో పాటు ఈడీఎల్ఐ అనే బీమా ఉంటుంది, గరిష్ఠంగా 7 లక్షల దాకా. భార్యకు నెలనెలా పింఛను కూడా ఉంటుంది. పీఎఫ్ అంటే కట్ అయిన డబ్బు వెనక్కి రావడమే అనుకునేవాళ్ళే ఎక్కువ. ఆ డబ్బు తీసుకుని ఊరుకుంటారు.

మేస్త్రీలు, రాళ్ళు కొట్టేవాళ్ళు, సెంట్రింగ్, పెయింటింగ్, టైల్స్ పని చేసేవాళ్ళు ఏడాదిలో 90 రోజులు పని చేసి ఉంటే కార్మిక శాఖలో భవన నిర్మాణ కార్మికుల కార్డు తీసుకోవచ్చు. కార్డు ఉంటే కూతురి పెళ్ళికి, కాన్పుకు 30,000 చొప్పున వస్తాయి. మనిషి పోతే ఇంటివాళ్ళకు సాయం వస్తుంది. నగరంలో ఎక్కడ చూసినా అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి, అక్కడ ఇటుకలు మోసే ఆడవాళ్ళలో మాత్రం ఈ కార్డు ఉన్నవాళ్ళు నాకు అరుదుగా కనిపిస్తారు. మేస్త్రీకి ఉంటుంది, ఆయన వెంట వచ్చిన భార్యకు ఉండదు. ఇద్దరూ ఒకే ఎండలో పని చేస్తారు. కొత్తవాడలో మగ్గం మీద బతికే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. వాళ్ళు నేసే దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని గొప్పగా చెప్పుకుంటాం. నేత కార్మికుడు పోతే కుటుంబానికి 5 లక్షలు ఇచ్చే నేతన్న బీమా 2022లో మొదలైంది. ఆ ఇళ్ళలోని ఆడవాళ్ళకు చేనేత జౌళి శాఖ ఆఫీసు ఎక్కడుందో తెలియాలి కదా.

ఇదంతా ఒక కాగితంలో పడుతుంది. అచ్చు వేయించడానికి పెద్ద నిధులు అక్కర్లేదు, పై నుంచి కొత్త జీవో రావాల్సిన పని లేదు.

ఆస్పత్రి దగ్గర కూడా ఇదే ఇబ్బంది, ఇంకా టెన్షన్‌తో కూడుకున్నది. ఎంజీఎంకు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ నుంచి వస్తారు. అక్కడ పడకలు నిండితేనో, భయపడితేనో, అంబులెన్స్ అతను చెబితేనో హనుమకొండలోని ప్రైవేటు ఆస్పత్రులకు పోతారు. ఆరోగ్యశ్రీ ఉన్న ప్రతి ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర ఉంటారు. చికిత్స మొదలుపెట్టక ముందే ఆయనను కలిసి అనుమతి తెప్పించుకోవాలి. ముందు నగదు కట్టేసి, తర్వాత ఆరోగ్యశ్రీలోకి మార్చమంటే కాదు. ఇది తెలియక పుస్తెలతాడు కుదువ పెట్టినవాళ్ళు మా సమాఖ్యలోనే ఉన్నారు. ఆరోగ్యశ్రీలో లేని జబ్బుకు సొంత డబ్బు పెట్టుకుంటే ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టవచ్చు, ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా. ఖర్చంతా రాదు, కొంత వస్తుంది. దానికి అసలు బిల్లులు కావాలి. అసలు బిల్లులు ఎవరి దగ్గర ఉంటాయి చెప్పండి? డిశ్చార్జి రోజున మనిషి బతికి ఇంటికి వస్తున్నాడన్న సంతోషంలో కాగితాలు ఎటు పోయాయో చూసుకునే తీరిక ఎవరికీ ఉండదు. దాచినవాళ్ళ దగ్గర కూడా మందుల షాపు బిల్లులు ఆ నున్నటి కాగితం మీద ఉంటాయి. కొన్ని నెలలు ఇనుప పెట్టెలో ఉంటే అక్షరాలు పోయి తెల్లగా అవుతాయి. అట్లాంటి తెల్ల కాగితాల కట్ట ఒకటి ఒక అవ్వ నా ముందు పరిచి, "ఇవన్నీ పైసలు కట్టినయే బిడ్డా" అంది. ఆమెకు నేను ఏం చెప్పగలను? బిల్లులు అన్నీ ఆస్పత్రి ముద్రతో తీసుకోండి, అదే రోజు జిరాక్స్ తీయించి పెట్టుకోండి అనే రెండు వాక్యాలు డిశ్చార్జి కౌంటర్ దగ్గర గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించమని కలెక్టర్లు ఇద్దరూ ఆస్పత్రులను ఆదేశించవచ్చు.

ఇద్దరు కలెక్టర్లకు ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. నగరం ఒకటే, బల్దియా ఒకటే, 66 డివిజన్లు. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, రూరల్ జిల్లా వరంగల్ అయింది. హనుమకొండ, కాజీపేట ఒక జిల్లాలో ఉండిపోయాయి, వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు ఇంకో జిల్లాలోకి పోయాయి. ఆఫీసర్లకు ఇది మ్యాపులో ఒక గీత. ఇళ్ళలో పాచి పని చేసే ఆడమనిషికి ఇది సగం రోజు కూలీ. ఖిలా వరంగల్‌లో ఉంటూ సుబేదారిలో పని చేసే మనిషి, పనికి దగ్గరని సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి హనుమకొండ కలెక్టరేట్‌కు పోతుంది. లైన్లో నిలబడి తన వంతు వచ్చాక, మీది ఆ జిల్లా అమ్మా అంటారు. మళ్ళీ వచ్చే సోమవారం దాకా ఆగాలి, ఆ రోజు పని మానుకోవాలి. నగరంలో ఎవరు ఏ కలెక్టరేట్‌కు పోయినా దరఖాస్తు తీసుకుని, అవతలి జిల్లాకు మీరే పంపుకునే ఏర్పాటు చేసుకోండి. రెండు ఆఫీసుల మధ్య కాగితం నడవడం తేలిక. అరవై ఏళ్ళ మనిషిని నడిపించడం ఎందుకు?

కిరాయిదారుల సంగతి ఇంకా లోతైనది. నర్సంపేట, పరకాల, ములుగు వైపు నుంచి పిల్లల చదువులకో, కూలీకో వచ్చి నగరంలో ఒక్క గదిలో ఉండే కుటుంబాలు వేలల్లో ఉంటాయి. ఊళ్ళో అయితే పంచాయతీ కార్యదర్శికి, ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ టీచర్‌కు ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో తెలుస్తుంది. నగరంలో గోడ పక్కన ఉన్నవాళ్ళకే తెలియదు. రేషన్ కార్డు ఊళ్ళో ఉంటుంది, ఓటు ఊళ్ళో ఉంటుంది, కష్టం మాత్రం ఇక్కడ వస్తుంది. బియ్యం ఎక్కడ ఉన్నా తీసుకోవచ్చు, ఆ ఏర్పాటు మంచిది, నడుస్తోంది. మిగతా వాటికి ఇక్కడి ఆఫీసుకు పోతే మీ ఊళ్ళో అడుగు అంటారు, ఊళ్ళో అడిగితే మీరు ఇక్కడ ఉండటం లేదు కదా అంటారు. గృహజ్యోతి కిరాయిదారులకు కూడా వర్తిస్తుంది. మీటర్ నంబర్‌కు వాళ్ళ రేషన్ కార్డు జతచేస్తే చాలు. ఇంటి ఓనర్లు మాత్రం, ఒకసారి పేరు ఎక్కితే ఇల్లు ఖాళీ చేయరేమో అని భయపడి మీటర్ నంబర్ ఇవ్వరు. విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం హనుమకొండలోనే ఉంది. ఆ నమోదుకు ఇంటి హక్కుతో సంబంధం లేదని ఒక ప్రకటన ఇప్పించడం కలెక్టర్లకు కష్టమా?

వరద వచ్చినప్పుడు ఈ సమస్య మరీ బయటపడుతుంది. 2023 జూలైలో హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్ మునిగాయి. 2025 అక్టోబరులో మొంథా తుపానుకు మళ్ళీ నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీశాక సర్వేకు వచ్చేవాళ్ళు ఇంటి నంబరు, ఓనర్ పేరు అడుగుతారు. తడిసిన బియ్యం, పాడైన కుట్టుమిషను, పిల్లల పుస్తకాలు కిరాయిదారువి. ఇంకోసారి సర్వే ఫారంలో ఆ ఇంట్లో ఉంటున్న మనిషి పేరు రాసుకోవడానికి ఒక గడి పెట్టండి. ఆ గడి లేకపోతే సాయం ఓనర్ ఖాతాలోకి పోతుంది, అతను మంచివాడైతే ఇస్తాడు.

సాయం దొరకని చోట ఏం జరుగుతుందో మీకు తెలియాలి. మా దగ్గర గిరిగిరి వడ్డీ అంటారు. పది వేలు అప్పు అంటే ముందే వడ్డీ పట్టుకుని మిగిలింది చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు, సాయంత్రం బండి మీద వచ్చి వసూలు చేసుకుంటారు. పోచమ్మ మైదాన్ దగ్గర కూరగాయల బండి పెట్టుకునే మనిషి, అమ్మకం లేని రోజు కూడా ఆ వంద ఇచ్చి ఇంటికి పోవాలి. ఇదే మనిషికి వీధి వ్యాపారుల కోసం 2020లో వచ్చిన పీఎం స్వనిధి ఉంది. మొదట 10,000 ఇచ్చేవారు, 2025 నుంచి మొదటి విడత 15,000 చేశారు. సరిగా కడితే రెండో విడత 25,000, తర్వాత 50,000, వడ్డీలో 7 శాతం రాయితీ. మెప్మా ద్వారానే నడుస్తుంది కాబట్టి దీని గురించి నాకు కొంత తెలుసు. తోపుడు బండివాళ్ళలో గుర్తింపు కార్డు ఉన్నవాళ్ళకు దొరుకుతోంది. గంప నెత్తిన పెట్టుకుని గల్లీల్లో తిరిగి చేపలు, ఆకుకూరలు అమ్మే ఆడవాళ్ళు సర్వేలో ఎక్కడా కనిపించరు, ఎందుకంటే సర్వేకు వచ్చిన రోజున వాళ్ళు ఒకచోట ఉండరు. వాళ్ళు పొద్దున నాలుగైదు గంటలకు సరుకు కొనే చోట ఒక టేబుల్ వేసి కూర్చుంటే అందరూ అక్కడే దొరుకుతారు. మా ఆర్పీలు, అంటే మెప్మా రిసోర్స్ పర్సన్లు వస్తారు, నేనూ వస్తాను.

అప్పులవాడు ఇంటి ముందు గొడవ చేస్తే కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. ఇది కూడా ఆ కాగితం మీద ఒక లైను.

ఇవన్నీ తెలిసినవాళ్ళు నగరంలో లేకపోలేదు. పైరవీకారులకు తెలుసు. తహసీల్దార్ ఆఫీసు బయట, మీసేవ పక్కన, ఆస్పత్రి క్యాంటీన్‌లో వాళ్ళే కూర్చుంటారు. ఎవరికి ఏ పథకం వర్తిస్తుందో, ఏ కాగితం ముందు తేవాలో, ఆదాయ సర్టిఫికెట్ ఏడాది దాటితే చెల్లదనీ, నగరంలో 2 లక్షల లోపు ఉండాలనీ ఓపిగ్గా చెబుతారు. వచ్చినదాంట్లో వాటా తీసుకుంటారు. వాళ్ళను పట్టుకోమని నేను అడగడం లేదు. వాళ్ళు అమ్ముకుంటున్నది మీ ఆఫీసులు ఉచితంగా చెప్పాల్సిన సమాచారం. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 4 ప్రకారం సబ్సిడీ పథకాలు ఎట్లా అమలవుతున్నాయి, ఎంత డబ్బు కేటాయించారు, ఎవరికి ఇచ్చారు అనేవి ఎవరూ అడగకుండానే ప్రభుత్వ కార్యాలయాలు ప్రకటించాలి. ఆ వివరాలు డివిజన్ల వారీగా బల్దియా నోటీసు బోర్డు మీద పెడితే, వాటా అడిగేవాడి మాటకు బలం తగ్గుతుంది.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వండి. ఇది చిన్న కోరికలా కనిపిస్తుంది, మా వాళ్ళకు అన్నిటికంటే పెద్దది. ఇప్పుడు "పెండింగ్" అంటారు, "ఆన్‌లైన్‌లో ఉంది" అంటారు, "పై నుంచి రావాలి" అంటారు. ఆధార్‌లో పేరు ఒక అక్షరం తేడా ఉంటే సరిచేసుకోవచ్చు. బ్యాంకు ఖాతా ఆధార్‌కు లింక్ కాకపోతే చేయించుకోవచ్చు. అర్హతే లేకపోతే ఆశ వదులుకుని వేరే దారి చూసుకోవచ్చు. ఏ సంగతీ చెప్పకపోతే మనిషి ఆ ఆఫీసు చుట్టూనే తిరుగుతుంది, తిరిగిన ప్రతి రోజూ కూలీ పోతుంది.

కొత్త పింఛన్లు మీ చేతిలో లేవని నాకు తెలుసు. దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్న వితంతువులు, వృద్ధులు ప్రతి వాడలో ఉన్నారు, 2,016 రూపాయలు ఎప్పుడొస్తాయో మీరూ చెప్పలేరు. దాని గురించి అడగాల్సినవాళ్ళను వేరే అడుగుతాం. ఈ లేఖలో అడిగినవి మాత్రం మీ సంతకంతో అయ్యేవి.

ఎంజీఎం దగ్గర 5 రూపాయల భోజనం పెట్టినప్పుడు బల్దియా ఎవరినీ ఆదాయ సర్టిఫికెట్ అడగలేదు. ఆకలితో వచ్చినవాళ్ళకు ప్లేటు ఇచ్చారు. ఊళ్ళ నుంచి రోగుల వెంట వచ్చినవాళ్ళు అక్కడ తిన్నారు. అట్లా చేయడం మీకు చేతనవునని అప్పుడే చూశాం కాబట్టి అడుగుతున్నాను.

కాశీబుగ్గ, కాజీపేట సర్కిల్ ఆఫీసుల్లో ఒక్కో కౌంటర్, ఎంజీఎంలో ఒకటి తెరవండి. ఒక్కో చోట ఒక్క మనిషి చాలు, కానీ ఆ మనిషికి అన్ని శాఖల సంగతి తెలిసి ఉండాలి, కూర్చోబెట్టి మాట్లాడే ఓపిక ఉండాలి. ఇంటి సంగతంతా విన్నాక, ఏమేం వర్తిస్తాయో, ఏ ఆఫీసుకు పోవాలో, ఏ కాగితాలు తేవాలో ఒక చీటీ మీద తెలుగులో రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ చీటీ పట్టుకుని పోతే తహసీల్దార్ ఆఫీసులో, బ్యాంకులో, కార్మిక శాఖలో మా మాటకు విలువ ఉంటుంది. పొద్దున తొమ్మిదికి ముందో, సాయంత్రం ఆరు తర్వాతో రెండు గంటలు తెరిచి ఉంచితే కూలీ పోకుండా వస్తాం. మనుషులు చాలకపోతే మా సమాఖ్యల్లో ఇంటర్, డిగ్రీ చదివిన ఆడపిల్లలు ఉన్నారు. నాలుగు రోజులు శిక్షణ ఇప్పించి గౌరవ వేతనం ఇస్తే వాళ్ళు కూర్చుంటారు.

మరణ ధ్రువపత్రంతో ఇచ్చే కాగితం మాత్రం కౌంటర్లు తెరిచే దాకా ఆపకండి. నేను చేత్తో రాసిన ప్రతి ఈ లేఖ వెంట మూడు ఆఫీసులకూ పంపుతున్నాను. అందులో పాత లెక్కలు ఏమైనా ఉంటే మీ శాఖలవాళ్ళతో సరిచేయించి, బల్దియా ముద్ర వేసి, ఈ నెల నుంచే ఇవ్వడం మొదలుపెట్టండి.

ఇట్లు,
రంగశాయిపేట మహిళా సమాఖ్య సభ్యురాలు